సూది వేసే ముందు

"అల్లరి చేశావంటే డాక్టరు చేత సూది వేయిస్తా" అని బెదిరించని ఇల్లు మన దగ్గర అరుదు. తీరా టీకా వేయించాల్సిన రోజు రాగానే అదే నోటితో "ఏం కాదు కన్నా, చీమ కుట్టినట్టు ఉంటుంది, అంతే" అంటాం. నిన్నటిదాకా శిక్ష అన్నది ఇవాళ ఏమీ కాదంటే పిల్లవాడు దేన్ని నమ్మాలి? నొప్పి ఉంటుందని, కాసేపట్లో తగ్గుతుందని, ఎందుకు వేయిస్తున్నామో కూడా ముందే చెప్పేయండి. ఏడిస్తే ఏడవనివ్వండి. వైద్యంలో నీతి అని పెద్ద చదువుల్లో చెప్పేది అక్కడే మొదలవుతుంది.

అయితే ఒంటి సంగతి తెలియని పిల్లకు ఎందుకో చెప్పడం కష్టం. బడి పుస్తకంలో జీర్ణవ్యవస్థ, రక్తప్రసరణ, విసర్జన అన్నీ ఉంటాయి. పరీక్షకు బొమ్మ గీసి భాగాలు గుర్తిస్తారు, మరిచిపోతారు. ఆ పాఠాన్ని వంటింట్లోకి తీసుకురండి. కూర కలపని ఉత్త అన్నం ఒక ముద్ద నోట్లో పెట్టి, మింగకుండా ఒకటి రెండు నిమిషాలు నమలమనండి. మెల్లగా తియ్యదనం తగులుతుంది. లాలాజలంలోని అమైలేజ్ అప్పుడే పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొడుతోందన్నమాట. అరుగుదల కడుపులోనే మొదలవుతుందనుకునే పెద్దవాళ్లకూ ఇది పనికొస్తుంది.

మాంసం తినే ఇల్లయితే ఆదివారం మటన్ కొట్టులో గుండెకాయను ముక్కలు కొట్టకుండా ఇమ్మనండి. కడిగి, నిలువుగా చీల్చి పిల్లల ముందు పెట్టండి. ఎడమ జఠరిక గోడ కుడిదానికంటే బాగా మందంగా ఉంటుంది. ఎందుకని వాళ్లనే అడగండి. కుడిది పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు రక్తం పంపితే చాలు, ఎడమది కాలి బొటనవేలి దాకా నెట్టాలి. కవాటాలను పట్టి ఉంచే తెల్లటి తీగలు కూడా కంటికి ఆనతాయి. చూడటం అయ్యాక కూర వండుకోవచ్చు, అభ్యంతరం లేదు. శాకాహారులకు మణికట్టు ఉండనే ఉంది: నాడి లెక్కపెట్టి, మేడమెట్లు ఎక్కి దిగి మళ్లీ లెక్కపెడితే సరి.

ఈ తెలివిడి ఆసుపత్రిలో అక్కరకొస్తుంది. డాక్టరు పిల్లను "ఏమ్మా, ఎక్కడ నొప్పి?" అని అడిగితే జవాబు మనమే ఇచ్చేస్తాం: "నిన్న పానీపూరీ తిందండీ." బొడ్డు చుట్టూ మొదలై కొన్ని గంటల్లో కుడివైపు కిందికి జరిగే నొప్పి అపెండిసైటిస్ కావచ్చని డాక్టర్లు అనుమానిస్తారు. నొప్పి అలా జరిగిందని తెలిసేది పిల్లకే. మనం కాసేపు నోరు మూసుకుంటే బయటపడుతుంది.

మన దగ్గరే జరిగిన ఒక సంగతి హైస్కూలు పిల్లలున్న తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాలి. 2009లో ఖమ్మం జిల్లాలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకాను ఒక అధ్యయనంలో భాగంగా 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు వేశారు. వాళ్లలో చాలామంది భద్రాచలం వైపు హాస్టళ్లలో చదువుకునే గిరిజన పిల్లలు. కొందరు పిల్లలు చనిపోవడంతో గొడవైంది, 2010లో కేంద్రం ఆ అధ్యయనాన్ని ఆపించింది. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. టీకా మంచిదే, ఇవాళ ఎన్నో దేశాల్లో వేస్తున్నారు. తప్పు ఇంకోచోట దొరికింది. ఎన్నో సమ్మతి పత్రాల మీద అమ్మానాన్నల బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తన నివేదికలో దీన్ని గట్టిగా తప్పుపట్టింది.

ఆ తల్లిదండ్రులను అడగనే లేదు. మనల్ని అడుగుతున్నారు, మనమేమో చదవకుండా సంతకం పెట్టి సంచిలో పడేస్తున్నాం. ఈసారి బడి నుంచి టీకా కాగితం వచ్చినప్పుడు పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. 10, 16 ఏళ్లకు వేసేది ధనుర్వాతానికి, కంఠసర్పికి అడ్డుకట్ట అని చెప్పండి. బళ్లో నమలమని ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర పేగుల్లోని నులిపురుగుల కోసమని చెబితే, అన్నం ముద్ద పాఠం అక్కడ మళ్లీ పనికొస్తుంది.

అలాగని వైద్యమంతా పిల్లల ఇష్టానికి వదిలేయమనడం లేదు. ఎనిమిదేళ్లవాడు వద్దన్నాడని కుక్క కరిచినప్పుడు టీకా మానేస్తామా? వేయించాల్సిందే. ఏ చేతికి వేయించుకుంటావు, ఒళ్లో కూర్చుంటావా అని అడగడం మాత్రం మన చేతిలో ఉంది.

ఇంకొకటి. పిల్లాడు పక్క తడుపుతున్నాడనో, అమ్మాయి పెద్దమనిషి అయిందనో అత్తలకు, పక్కింటివాళ్లకు వాళ్ల ఎదుటే చెప్పేస్తాం. సెలైన్ ఎక్కుతున్న ఫొటో వాట్సాప్ గ్రూపులో పెడతాం. రోగి సంగతి డాక్టరు బయటపెట్టకూడదని నియమం ఉంది. ఇంట్లో మనకు అలాంటి నియమమేదీ లేదు. కాబట్టి ముందు పిల్లనే అడగండి: "మీ పెద్దమ్మకు చెప్పనా?" వద్దంటే చెప్పకండి. పెద్దమ్మ రెండు రోజులు అలిగితే అలగనివ్వండి.