పెరటి టమాటలో కాయ పగుళ్ళు: పిట్లం పరిస్థితులలో కారణాలు, నివారణ

కామారెడ్డి జిల్లా పిట్లం ప్రాంతానికి నైరుతి రుతుపవనాల వర్షాలే ఆధారం. వేసవిలో పెరట్లో పెంచిన టమాట చివరి కోతలు జూన్ తొలకరి వానలకు చిక్కుతాయి. వానాకాలపు కాయలు బెట్ట తర్వాత ఒక్కసారిగా కురిసే భారీ వర్షాలకు గురవుతాయి. రెండు సందర్భాలలోనూ సాయంత్రం నిండుగా ఉన్న కాయ తెల్లవారేసరికి తొడిమ వద్ద పగిలి కనిపిస్తుంది. దీనిని తెగులుగా భావించి శిలీంధ్రనాశిని పిచికారి చేసేవారున్నారు. కాయ పగలడం తెగులు కాదు, శరీరక్రియకు సంబంధించిన రుగ్మత. మందు పగులును ఆపదు. పైగా ఇంటిల్లిపాదీ తినే కాయపై అనవసరపు అవశేషాన్ని మిగుల్చుతుంది. కనుక విస్తరణ సిబ్బంది మొదట చేయవలసినది సరైన గుర్తింపు.

పగుళ్ళ గుర్తింపు

తొడిమ నుండి కాయ అంచుల వైపు సాగేవి నిలువు పగుళ్ళు. ఇవి పండే దశలో ఎక్కువగా వస్తాయి, లోతుగా ఉంటాయి. తొడిమ చుట్టూ ఉంగరాల వలె ఏర్పడేవి వలయాకారపు పగుళ్ళు. ఇవి ముదిరిన పచ్చికాయపై కూడా కనిపిస్తాయి. తొక్కపై వెంట్రుకల వంటి సన్నని చారలు మూడవ రకం. కాయ అడుగున నల్లబడి కుళ్ళడం, పూత రాలిన కొన వద్ద వంకరలు తిరగడం వేరు సమస్యలు. వాటిని పగుళ్ళతో కలపరాదు.

పగులు ఏర్పడే విధానం

టమాట కాయలో సుమారు 94 శాతం నీరే. బెట్ట సమయంలో కాయ పెరుగుదల మందగిస్తుంది, తొక్క సాగే గుణాన్ని కోల్పోతుంది. ఆ తర్వాత వాన పడితే వేర్లు నీటిని వేగంగా పీల్చుతాయి. రాత్రివేళ ఆకుల నుండి నీరు ఆవిరి కావడం తగ్గుతుంది కనుక ఆ నీరు కాయలోకి చేరి లోపలి ఒత్తిడిని పెంచుతుంది. కాయపై నిలిచిన వాననీరు కూడా తొడిమ భాగం నుండి, తొక్కలోని సూక్ష్మ చీలికల నుండి లోపలికి చేరుతుంది. గుజ్జు ఉబ్బినంతగా తొక్క సాగలేనప్పుడు కాయ పగులుతుంది. అంటే పగిలించినది వానే అయినా, పగలడానికి కాయను సిద్ధం చేసినది అంతకు ముందరి బెట్ట. మబ్బు పట్టగానే "ఎలాగూ వాన వస్తుంది" అని నీరు ఆపడం ఈ కారణంగానే హాని చేస్తుంది.

కణగోడల పటుత్వానికి కాల్షియం, బోరాన్ అవసరం. సున్నం పాలు గల నల్లరేగడిలో కాల్షియం కొరత అరుదు. అది నీటితో పాటే మొక్కలో ప్రయాణిస్తుంది కనుక నీటి సరఫరా తప్పినప్పుడు కాయకు అందదు. అటువంటి నేలల్లో బోరాన్ లభ్యత కూడా తగ్గవచ్చు. నత్రజని అధికమవడం, ఆకులను ఎక్కువగా తుంచడం వలన కాయకు నేరుగా ఎండ తగలడం, పలుచని తొక్క గల నాటు రకాలను ఎంచుకోవడం పగుళ్ళను పెంచుతాయి.

పెరటికే ప్రత్యేకమైన కారణాలు

ఇంటివారు రెండు మూడు రోజులు ఊరికి వెళ్ళి, తిరిగి వచ్చాక ఒకేసారి ఎక్కువ నీరు పోయడం సాధారణం. చూరు నీరు మొక్క మొదట్లో పడడం, స్నానాల గది నీరు అటే మళ్ళడం కూడా నేల తేమను ఒడిదుడుకులకు గురిచేస్తాయి. కుండీలలో మట్టి తక్కువ కనుక తేమ మరింత త్వరగా మారుతుంది.

నివారణ

• అంగుళం లేదా రెండంగుళాల లోతున మట్టిని వేలితో పరీక్షించి, తేమ తగ్గగానే మితంగా నీరు పోయాలి. చల్క నేలలో కొద్దికొద్దిగా తరచుగా, రేగడిలో వ్యవధి ఇచ్చి పోయాలి. వాన సూచన ఉన్నా నేల పూర్తిగా ఎండనీయరాదు.
• మొక్క చుట్టూ 5 నుండి 8 సెంటీమీటర్ల మందాన వరిగడ్డి పరచాలి, కాండానికి తగలనీయరాదు.
• మొక్కను ఎత్తు మడిలో నాటాలి. చూరు నీటిని పక్కకు మళ్ళించాలి.
• బోరాన్ లోపం ఉన్నదని తేలితే లీటరు నీటికి 2 గ్రాముల బోరాక్స్ కలిపి పూత దశలో, మళ్ళీ కాయ ఎదిగే దశలో పిచికారి చేయాలి. బోరాన్ మోతాదు మించితే మొక్కకు విషమవుతుంది. కాల్షియం నైట్రేట్ వాడవలసి వస్తే లీటరుకు 5 గ్రాములు విడిగా పిచికారి చేయాలి, రెండింటినీ కలపరాదు.
• భారీ వాన సూచన ఉంటే రంగు తిరగడం మొదలైన కాయలను ముందే కోసి, ఇంట్లో నీడపట్టున మాగనివ్వాలి.

పగిలిన కాయ తిరిగి అతకదు. తాజా పగులు గల కాయను అదే రోజు వండుకోవచ్చు. బూజు, పులిసిన వాసన ఉంటే పారవేయాలి.

సలహా ఇచ్చే ముందు విస్తరణ సిబ్బంది మూడు విషయాలు అడగాలి: గత పది రోజులలో నీరు ఎప్పుడెప్పుడు పోశారు? వాన ఎప్పుడు పడింది? చూరు నీరు ఎక్కడ పడుతుంది? చాలా పెరళ్ళలో ఈ జవాబులతోనే కారణం తేలుతుంది; మందు సీసా అవసరం రాదు.