చిన్న వ్యాపారి: ముందుచూపునకు ఒక పూట

ఉగాదినాడు గుడి మండపమున పంచాంగ శ్రవణము జరుగును. ఈ యేడు తన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత యని ప్రతివాడును చెవియొగ్గి వినును. కాని తన దుకాణపు ఆదాయ వ్యయములను సంవత్సరమునకు ఒక్కసారియైనను కూర్చుండి చూచుకొను చిన్న వ్యాపారులు మన గ్రామములలో ఎందరు? కిరాణా కొట్టువాడు, వడ్రంగి, కమ్మరి, దర్జీ, పిండిమర యజమాని, వీరిలో ఎవ్వరును సోమరులు కారు. తెల్లవారకముందే తలుపు తీసి, ప్రొద్దుపోయిన పిమ్మట మూయుదురు. వారికి లోపించినది శ్రమ కాదు. ఆ శ్రమ ఎటు పోవుచున్నదో ఆలోచించుటకు తీరిక. ఈ తీరికను కల్పించుకొనుట యెట్లు, అందు పంచాయతీ చేయగల సాయమేమి అను విషయమును ఈ పాఠమున తెలిసికొందము.

కోకాపేట చెప్పు పాఠము

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున, గండిపేట చెరువునకు సమీపమున కోకాపేట యున్నది. 1908 నాటి మూసీ వరదల అనంతరము తలపెట్టి 1920లో పూర్తిచేసిన ఉస్మాన్‌సాగరమునే జనులు గండిపేట చెరువందురు. కొన్ని దశాబ్దముల క్రిందట కోకాపేట పొలములు, రాతిగుట్టలు గల ఒక గ్రామము. దానికి సొంత పంచాయతీ యుండెడిది. 2018లో అది నార్సింగి పురపాలక సంఘమున చేరినది. నగరము చుట్టును నిర్మింపబడిన 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి ఈ ఊరిని ఒరసికొని పోవుచున్నది. 2021 జూలైలో హైదరాబాదు మహానగర అభివృద్ధి సంస్థ ఇచ్చటి భూములను వేలము వేయగా, ఎకరము ధర గరిష్ఠముగా 60 కోట్ల రూపాయలు దాటినది. 2023 ఆగస్టు వేలములో 100 కోట్లు దాటినది.

ఇంతటి మార్పు అన్ని గ్రామములకును రాదు. కాని ఏదో యొక మార్పు రాని గ్రామమును లేదు. కొత్త రోడ్డు పడును. మండల కేంద్రమున పెద్ద దుకాణము వెలయును. ఇంట కూర్చుండియే ఫోనులో సరుకు తెప్పించుకొను అలవాటు ప్రబలును.

ఇట్టి ఊరిలో ఇద్దరు వడ్రంగులను ఊహింపుడు. పొలములు తగ్గిన కొలది నాగళ్ల పని తగ్గును. ఇండ్లు పెరిగిన కొలది తలుపులు, అలమరల పని పెరుగును. రోజువారీ పనిలో తలమునకలుగానున్న మొదటివాడు నాగళ్ల పని తగ్గినదని మాత్రమే గమనించి చింతించును. రెండవవాడు నెలకొక పూట కూర్చుండి, ఏ పనికి ఎన్ని గిరాకీలు వచ్చినవో వ్రాసి చూచుకొనును. కరెంటు రంపము కొనవలెనా, కుమారునకు ప్లైవుడ్డు పని నేర్పింపవలెనా యని రెండేండ్ల ముందే నిర్ణయించుకొనును. ఇద్దరి పనితనమునందును భేదము లేదు. భేదమంతయు ఆ ఒక్క పూటలో నున్నది.

కాకినాడ వర్తకుల అనుభవము

"పని మాని కూర్చుండి ఆలోచించిన కడుపు నిండునా?" అని ఎవరైనను అడుగవచ్చును. దీనికి సమాధానము తెలుగునాటనే లభించినది. హైదరాబాదు యూసుఫ్‌గూడలో చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ 1962 నుండి పనిచేయుచున్నది. నేడు దానిని జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థ యని పిలుచుచున్నారు. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేవిడ్ మెక్లెలాండ్ 1964లో ఈ సంస్థతో కలిసి ఒక ప్రయోగము చేసెను. కాకినాడ పట్టణపు వ్యాపారులను, చిన్న పరిశ్రమదారులను జట్లుగా హైదరాబాదునకు రప్పించి, సుమారు పది దినముల చొప్పున శిక్షణ ఇచ్చిరి.

ఈ శిక్షణకు ప్రాణము అప్పు కాదు, యంత్రము కాదు. తన వ్యాపారమును తానే దూరముగా నిలిచి చూచుట, సాధింపదగిన లక్ష్యము నొకదానిని ఏర్పరచుకొనుట, దానికి రాగల ఆటంకములను ముందుగానే యోచించుట, ఇవియే అందలి ముఖ్యాంశములు. పాతిన గూటమునకు వలయములు విసరు ఆట నొకదానిని మెక్లెలాండ్ తన పరిశోధనలలో వాడెను. ఎంత దూరమునుండి విసరవలెనో ఆడువాడే నిర్ణయించుకొనవలెను. మరీ దగ్గర నిలిచినవాడు గెలిచినను గొప్ప లేదు. మరీ దూరమున నిలిచినవాడు అదృష్టమును నమ్ముకొన్నవాడు. తన శక్తిని తెలిసినవాడు నడిమి దూరమున నిలుచును. వ్యాపారమున లక్ష్యమును నిర్ణయించుకొనుటయు ఇట్టిదే.

శిక్షణ పొందినవారిని పొందనివారితో పోల్చి చూచి, ఫలితములను 1969లో గ్రంథరూపమున ప్రకటించిరి. శిక్షణ పొందినవారిలో ఎక్కువమంది కొత్త పనులు ప్రారంభించిరి. ఎక్కువ పెట్టుబడి పెట్టిరి. ఎక్కువమందికి పని కల్పించిరి. తమ వ్యాపారమున నిర్ణయము చేయు అధికారము గలవారియందే ఈ ఫలితము బాగుగా కానవచ్చినది. కావున యజమాని తాను కూర్చుండవలసిన చోటికి గుమాస్తాను పంపిన ప్రయోజనము లేదు.

అమావాస్య పూట

పది దినములు దుకాణము మూయుట పల్లె వ్యాపారికి కష్టము. ఆ యవసరమును లేదు. అమావాస్యనాడు పని ముట్టని ఆచారము తాపీ, వడ్రంగము మున్నగు వృత్తులలో మనవారికి అనాదిగా కలదు. ఆ దినమున ఒక పూటను ఈ పనికి కేటాయించిన చాలును. ఇతరులు తమకు గిరాకీ తక్కువగానుండు పూటను ఎన్నుకొనవచ్చును. ఆ పూట దుకాణమున గాక ఇంటి అరుగుమీదనో, చెట్టునీడనో కూర్చుండవలెను. ఫోను దూరముగా నుంచవలెను. గల్లా దగ్గర కూర్చుండు ఇల్లాలికి యజమానికి తెలియని సంగతులు ఎన్నో తెలియును. కనుక ఆమెను తప్పక ప్రక్కన నుంచుకొనవలెను.

మొదట లెక్క. ఇంటి ఖర్చును, దుకాణపు ఖర్చును వేరుచేయవలెను. అరువు పద్దును వేరుగా చూడవలెను. నూరు రూపాయల అమ్మకముపై పది రూపాయలు మిగులు కొట్టులో, వెయ్యి రూపాయల అరువు మునిగినచో 900 రూపాయల అసలు పోవును. ఆ లోటు పూడ్చుటకు మరల 9,000 రూపాయల సరుకు అమ్మవలెను. ఈ ఒక్క లెక్క తెలిసిన వర్తకుడు అరువునకు హద్దు తానే పెట్టుకొనును.

రెండవది మార్పు. ఏ సరుకు కదలుట లేదు? ఎవరు రాక మానినారు? ఏల?

మూడవది నిర్ణయము. పది కాదు, ఒక్కటి. ఏమి చేయవలెను, ఏ తేదీలోగా, ఎంత ఖర్చుతో అని పుస్తకమున వ్రాయవలెను. మరుసటి అమావాస్యనాడు ఆ పుటను చదివిన పిమ్మటనే కొత్త పుట తెరువవలెను.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

ఈ పద్ధతి గ్రామములకు కొత్తది కాదు. మహిళా పొదుపు సంఘములు క్రమము తప్పని సమావేశము, పొదుపు, అంతర్గత అప్పులు, సకాల చెల్లింపు, పుస్తక నిర్వహణ అను పంచసూత్రములను పాటించుచున్నవి. నిర్ణీత దినమున కూర్చుండుట, కూర్చున్నది వ్రాయుట వారినుండియే మనము నేర్వవచ్చును. నెలకొక పూట పంచాయతీ కార్యాలయపు గదిని వృత్తిదారుల కిచ్చి, లెక్క తెలిసిన ఉపాధ్యాయు నొకనిని పిలిపించుట సభ్యులకు కష్టము కాదు.

అంతకంటె ముఖ్యమైన బాధ్యత యొకటి కలదు. 2015 నుండి గ్రామ పంచాయతీలు అభివృద్ధి ప్రణాళికలను తయారుచేయుచున్నవి. రోడ్డు ఎటు పోవును, సంత ఎచ్చట కూడును, బస్సు ఎచ్చట నిలుచును అను సంగతులు మీ తీర్మానములలో నుండును. అవి తెలియక కొట్టు కట్టుకొన్నవాని ముందుచూపు గ్రుడ్డిచూపే యగును. కనుక గ్రామసభలో ఈ సంగతులను వ్యాపారులకు స్పష్టముగా చెప్పుడు.

2023 సెప్టెంబరు 17న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన విశ్వకర్మ పథకము 18 చేతివృత్తులకు వర్తించును. శిక్షణ దినములలో కూలి పోవునను భయము లేకుండ దినమునకు 500 రూపాయల భృతి అందులో నిర్ణయింపబడినది. నేర్చుకొను కాలమునకు కూడ విలువ గలదని ప్రభుత్వము గుర్తించుటకు ఇది నిదర్శనము. దరఖాస్తుల మొదటి పరిశీలన గ్రామ పంచాయతీ స్థాయిలోనే జరుగును గనుక, అర్హుని కాగితము మీ బల్లపై నిలిచిపోరాదు.

కోకాపేటకు మార్పు వచ్చుటకు ముందు ఎవ్వరి సెలవును అడుగలేదు. మీ ఊరికి వచ్చు మార్పును అడుగదు. అది వచ్చునప్పటికి మీ ఊరి వడ్రంగి, దర్జీ, కిరాణా వర్తకుడు సిద్ధముగా నుండవలెనన్న, ఆ సన్నాహమునకు రాబోవు అమావాస్యయే మంచిదినము.

చర్చింపదగిన ప్రశ్నలు

1. మీ గ్రామమున ఎన్ని చిన్న దుకాణములు, వృత్తులు గలవు? గడచిన ఐదేండ్లలో మూతపడినవి యెన్ని? కారణమేమి?

2. మీ పంచాయతీ ప్రణాళికలోని ఏ పనులు వ్యాపారులపై ప్రభావము చూపును? వారికి ఆ సంగతి తెలియునా?

3. నెలకొక పూట వృత్తిదారుల సమావేశమునకు మీ ఊరిలో ఏ దినము, ఏ స్థలము అనుకూలము?