పరిచర్య చేసినవారిని చేర్చుకొనుడి

పాఠభాగము: ఫిలిప్పీయులకు 2:25–30



ఫిలిప్పీ సంఘము పౌలునకు పరిచర్య చేయుటకై ఎపఫ్రొదితును పంపెను. అతడు అచ్చట రోగియై చావునకు సమీపమాయెను. దేవుని కనికరమువలన బ్రతికెను. పౌలు అతని పనిని మెచ్చుకొని ఊరకుండలేదు. అతనిని ఇంటికి పంపి, సంతోషముతో చేర్చుకొని ఘనపరచవలెనని సంఘమునకు వ్రాసెను. పరిచారకుడును అలయును, జబ్బుపడును, తనవారికొరకు బెంగపడును. ఇదియే నేటి పాఠము.

2020 మార్చి 22న దేశమంతట జనులు వాకిళ్లయందు నిలిచి వైద్యసిబ్బందికి చప్పట్లు కొట్టిరి. నెల తిరుగకమునుపే నెల్లూరు వైద్యుడొకరు కోవిడ్‌వలన చెన్నైలో మరణింపగా, ఆయన దేహమును దహింపనీయక కొందరు అడ్డుపడిరి. వైద్యసిబ్బందిని తీవ్రముగా గాయపరచువారికి 7 సంవత్సరములవరకు చెర విధించు ఆర్డినెన్సు ఆ ఏప్రిలు 22న రావలసివచ్చెను. చట్టము రాళ్లను ఆపవచ్చును గాని ఇరుగుపొరుగు తలుపులను తెరువలేదు.

మేమును నిర్దోషులము కాము. మా సంఘములోని నర్సమ్మ యొకతె 14 దినములు బిడ్డలకు దూరముగానుండి ఇల్లు చేరెను. ఆమె వాకిట నిలిచి ప్రార్థించుటకైనను మేము పోలేదు. ఫోనులో రెండు మాటలాడి చాలించితిమి. పిమ్మట ఆమె, “అయ్యగారండీ, జబ్బుకి భయపడలేదండి. మనోళ్లు మొహం తిప్పుకుంటేనే ఏడుపొచ్చిందండి” అనెను. ఆ మాట నేటికిని మమ్మును గద్దించుచున్నది.

ఆ తెగులు తగ్గినను, జ్వరముల కాలమున ఆశా కార్యకర్త ఇల్లిల్లు తిరుగుచునే యున్నది. కాబట్టి మనము మూడు సంగతులు నేర్చుకొందము.

మొదటిది, వారి యింటి భారమును పంచుకొనుడి. డ్యూటీ వేళ వారి పిల్లలను, వృద్ధులను కనిపెట్టి యుండుడి; ఒక పూట కూడు పంపుడి.

రెండవది, వారిని విశ్రమింపనిండు. అలసిన ఏలీయాకు దూత ముందు రొట్టెయు నీళ్లును ఇచ్చి మరల పండుకొననిచ్చెను. రాత్రి డ్యూటీ చేసినవారు ఆదివారము గుడికి రాలేదని నిందింపకుడి.

మూడవది, వారి దుఃఖమును ఓపికతో వినుడి. నిద్రపట్టక, మనసు క్రుంగి యున్నవారు వైద్యసహాయము కోరుట అవిశ్వాసము కాదు. ప్రభుత్వపు టెలీమానస్ 14416 నంబరుకు ఉచితముగా ఫోను చేయవచ్చును.

ఈ నెల గృహకూటములలో మన పెనుగొండ చుట్టుపట్లనున్న నర్సులను, ఆశా కార్యకర్తలను, ఆసుపత్రి ఊడ్చువారిని పేరుపేరున జ్ఞాపకము చేసికొని ప్రార్థించుడి. ప్రార్థన ముగించి, వారి యింటికి నడువుడి.

ప్రభువు మన గుమ్మములను తెరచును గాక. ఆమేన్.