ఫిర్యాదు, వాయిదా: గోదావరిఖని చిరంజీవికి లేఖ



కార్మిక కాలనీ గొడవలో దెబ్బతిన్నవాడు ఠాణాలో ఫిర్యాదు ఇచ్చి, ప్రాథమిక సమాచార నివేదిక, అనగా ఎఫ్ఐఆర్, నమోదైన తరువాత ఆ కేసును నడిపేది ప్రభుత్వమే గనుక, కోపం చల్లారాక వాపసు తీసుకునే అధికారం ఫిర్యాదుదారుకు ఉండదు. స్వల్పంగా గాయపరచడం వంటి, చట్టం రాజీకి అనుమతించిన నేరాలలో మాత్రం అతడు కోర్టులో గాని లోక్ అదాలత్‌లో గాని రాజీపడవచ్చు. ఫిర్యాదుదారే ముఖ్యసాక్షి కూడా అయినందున, సమన్లు, అనగా ఫలానా తేదీన హాజరు కావాలనే కోర్టు ఉత్తరువు, అందుకుని రాకపోతే అతనిపైనా వారెంటు జారీ కావచ్చు. జరగలేదని తెలిసీ ఎదుటివారిపై నేరం మోపితే అతడే శిక్షార్హుడవుతాడు. నిజంగా దెబ్బతిన్నవాడు వెనుకాడనక్కరలేదు. జరిగినదానికి మించి ఒక్క మాటా రాయించకూడదు.

నిందితుడు వాయిదా తప్పితే వచ్చే చిక్కు మరింత పెద్దది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 269వ సెక్షన్ ప్రకారం, బెయిల్‌పై బయట ఉన్నవాడు తగిన కారణం లేక గైర్హాజరైతే అదే వేరొక నేరమై, ఏడాది వరకు జైలు గాని జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. కోర్టు నాన్‌బెయిలబుల్ వారెంటు ఇస్తే పోలీసులు అతణ్ణి పట్టుకుని న్యాయమూర్తి ముందు నిలబెడతారు. అప్పటికీ దొరకకుండా తిరిగితే పరారీ ప్రకటన, ఆస్తి జప్తు వరకు పోతుంది. అన్నిటికంటే బాధాకరమైనది జామీనుదారుని గతి: నమ్మి పూచీ ఉన్న తోటి కార్మికుడు ఏ తప్పూ చేయకుండానే బాండు సొమ్ము కట్టవలసి రావచ్చు.

వేతన సెలవు కోసం మస్టర్లు, అనగా హాజరు దినాలు, నిండాయో లేదో లెక్క చూసుకునే గని కార్మికుడు వాయిదా తేదీనీ అంతే జాగ్రత్తగా రాసిపెట్టుకోవాలి. రాత్రి షిఫ్టు దిగి నిద్రపోయానంటే కోర్టు ఒప్పుకుంటుందన్న ధీమా తగదు. నిజంగా రాలేని రోజున న్యాయవాది ద్వారా హాజరు మినహాయింపు కోరవచ్చు. వారెంటు అప్పటికే జారీ అయి ఉంటే, దాక్కోకుండా కోర్టు ముందుకు వెళ్ళి దాని రద్దుకు పిటిషన్ వేయడమే మార్గం.

ఫీజుకు భయపడి ఈ ప్రాంతంలో ఎవరూ న్యాయవాదిని పెట్టుకోకుండా ఉండకూడదు. న్యాయసేవాధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షన్ ఉచిత న్యాయసహాయానికి అర్హులైనవారిలో పారిశ్రామిక కార్మికుణ్ణి పేర్కొన్నది. స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి కూడా ఆ హక్కు ఉంది. కాబట్టి చిరంజీవీ, నీవు వచ్చే వాయిదాకు ముందే పెద్దపల్లి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవాలి.