విదేహ రాజ్యము – జనకుని సభ

మిథిల యనగానే మనకు శివధనుర్భంగము, సీతాకల్యాణము స్ఫురించును. ఏటేట శ్రీరామనవమినాడు భద్రాద్రి కల్యాణమును తిలకించు తెలుగువారికి జానకి పుట్టినిల్లు పరాయిదేశము కాదు. అయితే ఆ విదేహ రాజ్యము రామకథకు వెలుపల కూడ వైదిక వాఙ్మయమున ప్రసిద్ధమైనది.

దాని పుట్టుకను గూర్చి శతపథ బ్రాహ్మణమున ఒక విచిత్రమైన కథ కలదు. విదేఘ మాథవుడను రాజు వైశ్వానరాగ్నిని నోట ధరించి యుండెను. పురోహితుడైన గోతమ రాహూగణుడు ఎంత పిలిచినను, నోరు తెరచినచో అగ్ని జారిపోవునను భయముచే రాజు పలుకలేదు. తుదకు మంత్రమున నేతి పేరు వినబడగానే అగ్ని భగ్గున మండి నేలకు దిగెను. సరస్వతీతీరము నుండి తూర్పుగా భూమిని దహించుచు, నదులను ఇంకించుచు పోయి, ఉత్తరగిరి నుండి దిగు సదానీరా నదిని మాత్రము దాటక నిలిచెను. తానెక్కడ నివసింపవలెనని రాజు అడుగగా, ఈ నదికి తూర్పున నుండుమని అగ్ని చెప్పెనట. అంతకుముందు చిత్తడినేలయై సాగునకు రాని ఆ చోటే విదేహమైనది. సదానీర నేటి గండకీ నది యని పలువురు పండితుల అభిప్రాయము. అడవులు కాల్చి సేద్యమునకు దిగిన ప్రజల జ్ఞాపకము ఈ కథలో దాగియున్నదని కొందరు చరిత్రకారులు చెప్పుదురు. అది కాదనదగినదిగా నాకు తోచదు.

నిమి కుమారుడు మిథి, అతని కుమారుడు మొదటి జనకుడని బాలకాండము చెప్పుచున్నది. పిదప జనకశబ్దము వంశనామమైనది. సీతాదేవి తండ్రి సీరధ్వజ జనకుడు, సీరమనగా నాగలి.

బృహదారణ్యకోపనిషత్తులోని జనకుడు బహుదక్షిణ యజ్ఞము చేసి, కొమ్ములకు పదేసి పాదముల బంగారము కట్టిన వేయి గోవులను నిలిపి, మీలో బ్రహ్మిష్ఠుడెవరో వారు వీనిని తోలుకొనిపోవచ్చునని కురుపాంచాల పండితులతో పలికెను. ఎవరును కదలలేదు. యాజ్ఞవల్క్యుడు వాదమునకు ముందే శిష్యుడగు సామశ్రవునిచే గోవులను తోలించెను! సభ కోపించుటలో వింత లేదు. నీవేనా బ్రహ్మిష్ఠుడవని రాజుగారి హోత అశ్వలుడు నిలదీయగా, బ్రహ్మిష్ఠునకు నమస్కారము, మాకు కావలసినది గోవులే యని ఆ మహర్షి బదులిచ్చెను. పలువురు ప్రశ్నించి ఊరకుండిరి. గార్గి ఒకమారు ఆగియు, రెండవమారు లేచి, వింటికి రెండమ్ములు సంధించిన వీరునివలె రెండు ప్రశ్నలు వేసెను. అక్షరతత్త్వమును విన్న పిదప, ఈయనను బ్రహ్మవాదమున గెలువగలవారు లేరని తీర్పు చెప్పినది ఆమెయే. ఆ మాట వినక వాదించిన శాకల్యుడు శిరస్సు కోల్పోయెను. తరువాత ఉపదేశము పొందిన జనకుడు విదేహ రాజ్యమును, దానితో తన్నును గురువునకు సమర్పించెను.

అట్టి రాజ్యమునకే చెందిన కరాళుడు ఒక బ్రాహ్మణ కన్యను కామించి బంధువులతో, రాజ్యముతో సహా నశించెనని కౌటిల్యుడు అర్థశాస్త్రమున పేర్కొనెను. బుద్ధుని కాలమునకు విదేహులు వైశాలి ప్రధానముగా గల వజ్జి గణరాజ్యమున చేరియుండిరి. సీతామాత జన్మస్థానముగా భక్తులు సేవించు జనకపురము నేడు నేపాల దేశమున నున్నది.