ఏ చేపకు ఏ గాలపు కర్ర?

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లెలో చెరువు నిండింది. మరవ పారింది. పల్లెంతా మరవ కాడికి పోయి నీళ్లు చూసి వచ్చింది.

అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ ప్రతి ఏడూ పడదు. అందుకే చెరువు నిండితే పండగే. బోర్లలో నీళ్లు ఊరతాయి. పశువులకు గడ్డి దొరుకుతుంది. చెరువులో చేప పెరుగుతుంది.

ఆ పల్లెలో ఒకామె భర్త కూలికి బెంగళూరు పోయాడు. ఇంట్లో ఆమె, అత్త, ఇద్దరు పిల్లలు. పొదుపులో దాచిన డబ్బు కొంచెం ఉంది. దాంతో గాలపు కర్ర కొందామని ఆమె అనుకుంది. వారానికి రెండు పూటలు చేప దొరికినా పిల్లలకు మంచి తిండే కదా!

చెరువులో చేపల హక్కు ఊరికే ఉండదు. ఒకచోట మత్స్యకారుల సంఘానికి ఉంటుంది. ఇంకోచోట వేలం పాడినవాళ్లకు ఉంటుంది. ఆమె ముందే పోయి అడిగింది. "ఇంటి కూరకు గాలం వేసుకో. వల మాత్రం వేయొద్దు" అన్నారు.

అత్తకు చెబితే అత్త నవ్వింది.

"కొనేది ఏమిటికి? మీ మామ వెదురు కర్రతోనే పట్టేవాడు."

"ఒక్క కర్రతోనే అన్ని చేపలూ పట్టేవాడా అత్తా?"

"అదెట్లా పడతాయి? పరిగెకు ఒక కర్ర, కొరమీనుకు ఒక కర్ర. నీళ్ల కుండలో సంగటి కెలుకుతామా?"

అత్త చెప్పింది నిజం. పరిగె, జిలేబీ లాంటి చిన్న చేపలకు సన్న కర్ర కావాలి. పొడవు 8 నుంచి 10 అడుగులు ఉండాలి. కొస మెత్తగా వంగాలి. దారానికి బెండు కట్టి, ముల్లుకు ఎర్రను గానీ పిండి ముద్దను గానీ గుచ్చుతారు. చిన్న చేప మూతి మెత్తన. మొద్దు కర్రతో గుంజితే మూతి చీలి చేప జారిపోతుంది. కొస వంగితే గుంజుడు చేప మీద పడదు, కర్ర మీద పడుతుంది.

కొరమీను సంగతి వేరు. అది తుంగలో, తామరాకుల కింద దాగుతుంది. కప్ప కనబడితే ఎగిరి పట్టుకుంటుంది. పట్టిన వెంటనే తుంగలోకి దూరుతుంది. దాని దవడ గట్టిది, ముల్లు తొందరగా దిగదు. అందుకని కొరమీనుకు గట్టి కర్ర కావాలి. మొదలు లావుగా ఉండాలి. కొస దగ్గర కొంచెమే వంగాలి. దారం కూడా గట్టిది కావాలి. సన్న కర్ర పట్టుకుంటే అది విల్లులా వంగుతూనే ఉంటుంది, చేప తుంగకు దారం చుట్టేసి పోతుంది.

ఇప్పుడు అంగళ్లలో రబ్బరు కప్పలు వచ్చాయి. రేకు ముక్కలు, కొయ్య చేపలు కూడా వచ్చాయి. ఇవన్నీ బొమ్మ ఎరలు. వీటిని దూరంగా విసిరి, దారం చుట్టుకుంటూ లాగాలి. అప్పుడు అవి ప్రాణమున్న వాటిలాగా కదులుతాయి. రబ్బరు కప్పకు గట్టి కర్రే కావాలి. కొయ్య చేపకు మాత్రం సగం దాకా వంగే కర్ర మేలు. దానికి ఉండే ముళ్లు చిన్నవి. గట్టి కర్రతో గుంజితే అవి ఊడి వస్తాయి.

బొమ్మ ఎరలు కొత్తవేమీ కాదు. ఇంగ్లండులో 1496లో గాలం గురించి ఒక పుస్తకం అచ్చయింది. కర్ర ఎట్లా చేయాలో, గుర్రం వెంట్రుకలతో దారం ఎట్లా పేనాలో అందులో ఉంది. ఈకలతో, ఉన్నితో చేసే 12 రకాల బొమ్మ ఈగల గురించి కూడా ఉంది. దాన్ని జూలియానా బెర్నర్స్ అనే సన్యాసిని రాసిందని చాలా కాలం చెప్పుకున్నారు. దానికి గట్టి రుజువు లేదు.

ఆమె పట్నం పోయి అంగట్లో అడిగింది. అంగడాయన తళతళలాడే సన్న కర్ర ఒకటి తీశాడు.

"ఇది తీసుకోమ్మా. అన్నిటికీ పనికొస్తుంది."

ఆమె కర్రను తిప్పి చూసింది. పిడికి పైన చిన్న అక్షరాలు ఉన్నాయి. అక్షరాలు ఇంగ్లీషువి. అంకెలు మాత్రం ఆమెకు తెలిసినవే. "2–8" అని ఉంది. పక్కన ఇంగ్లీషు 'జి' ఉంది. జి అంటే గ్రాములు. 2 నుంచి 8 గ్రాముల బరువున్న ఎరనే ఆ కర్ర విసరగలదు. ఆమె తీసిపెట్టుకున్న రబ్బరు కప్ప డబ్బా మీద 14 అని ఉంది.

"అన్నా, కప్ప 14 గ్రాములు. కర్ర 8 గ్రాములకే. కొస విరగదా?"

అంగడాయన మాట్లాడకుండా ఇంకో కర్ర తీశాడు. దాని మీద "10–30" అని ఉంది.

వడిసెలతో రాయి విసిరిన వాళ్లకు ఈ లెక్క తెలుసు. రాయి మరీ చిన్నదైతే దూరం పోదు. కర్ర కూడా అంతే. ఎర బరువుకు కర్ర వెనక్కి వంగాలి, మళ్లీ విదిలించుకోవాలి. మొద్దు కర్రకు తేలిక ఎర కడితే కర్ర వంగదు, ఎర కాళ్ల కాడే పడుతుంది.

కర్ర దేనితో చేశారో కూడా అడగాలి. గాజు పీచుతో చేసినది కొంచెం బరువు. కానీ కింద పడినా తొందరగా విరగదు. కార్బన్ కర్ర తేలిక, ధర ఎక్కువ, రాతికి తగిలితే విరగవచ్చు. దానిగుండా కరెంటు కూడా పారుతుంది. మోటార్ల కాడ వైర్లు కిందికి వేలాడుతుంటాయి. ఆ వైర్ల కింద ఏ కర్రనూ ఎత్తకూడదు. తడిసిన వెదురు కూడా ప్రమాదమే. ఉరుము వినబడితే కర్ర కింద పెట్టి గట్టు దిగి రావాలి. ఆమె గాజు పీచు కర్రే తీసుకుంది.

పిల్లలకు మాత్రం అత్త వెదురు కర్ర చేసింది. ముదురు వెదురు ఎంచింది. కణుపులు దగ్గరగా ఉన్నది, లోపల బోలు తక్కువ ఉన్నది చూసి కొట్టించింది. నీడలో మూడు వారాలు ఆరబెట్టింది. వంకర ఉన్న చోట సన్న సెగ చూపి సరిచేసింది. తర్వాత ఆముదం రుద్దింది. కొసకు చిన్న రాయి కట్టి ఎత్తి చూసింది. కర్ర ఒకే తీరుగా వంగింది. ఒక్కచోటే మడత పడితే ఆ కర్ర పనికిరాదు.

మరుసటి రోజు తెల్లవారుజామున అత్తాకోడళ్లు చెరువుకు పోయారు. మట్టి తోలిన గుంతలు నీళ్ల కింద కనబడవు. అందుకే నీళ్లలోకి దిగలేదు, గట్టు మీదే నిలబడ్డారు. కోడలు కప్పను విసరబోయింది. అత్త చెయ్యి పట్టుకుంది.

"ఆగు మే! అటు చూడు."

నీళ్ల మీద ఎర్రగా, చిన్నగా ఏవో గుంపుగా కదులుతున్నాయి. అవి కొరమీను పిల్లలు. తల్లీ తండ్రీ కిందనే కాపలా ఉంటాయి. ఏది దగ్గరికి వచ్చినా మీద పడతాయి. అప్పుడు గాలం వేస్తే సులువుగా పడతాయి. కానీ పెద్దవి పోతే పిల్లలను మిగతా చేపలు తినేస్తాయి.

ఇద్దరూ నూరడుగులు అవతలికి పోయి, తుంగ పక్కన కప్ప విసిరారు.

చదివి చెప్పండి

1. కర్ర మీద "10–25" అని ఉంది. మీ దగ్గర 5, 18, 40 గ్రాముల ఎరలు ఉన్నాయి. ఏది కట్టాలి?

2. మీ ఊరి చెరువులో చేపల హక్కు ఎవరిది? కనుక్కుని రాయండి.