ఊరి రైలు ఆగిపోతే

పాసింజరు రైలు మనందరికీ తెలుసు. చిన్న చిన్న స్టేషన్లలో కూడా ఆగుతుంది. కూరగాయల గంపతో ఎక్కేవాళ్లుంటారు. కాలేజీకి పోయే పిల్లలుంటారు. ఆసుపత్రికి పోయే ముసలివాళ్లుంటారు. వీళ్లందరికీ అదే ఆధారం. మరి అలాంటి బండి ఒక రోజు ఆగిపోతే? ఇక ఎప్పటికీ రాదని చెబితే?

జపాను దేశంలో హొక్కైడో అనే చోట ఇలా జరుగుతోంది. ఒక్క ఊళ్లో కాదు, చాలా ఊళ్లలో. ఎందుకు జరిగింది? ఎవరికి నష్టం? ఈ పాఠంలో తెలుసుకుందాం.

హొక్కైడో ఎక్కడుంది?

జపాను అంటే దీవుల దేశం. నాలుగు పెద్ద దీవులు ఉన్నాయి. అన్నిటికన్నా ఉత్తరాన ఉన్నది హొక్కైడో. ఇది మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు సగం ఉంటుంది. జనం మాత్రం చాలా తక్కువ. 2020 జనాభా లెక్కల ప్రకారం సుమారు 52 లక్షలు. అందులో మూడో వంతు కన్నా ఎక్కువ మంది సప్పొరో అనే ఒక్క నగరంలోనే ఉన్నారు.

అక్కడ చలి ఎక్కువ. చలికాలమంతా మంచు పడుతుంది. పట్టాల మీద మంచు పేరుకుంటుంది. దాన్ని తోసేయడానికి వేరే ఇంజన్లు కావాలి, మనుషులు కావాలి. బండి నడిచినా నడవకపోయినా ఈ ఖర్చు తప్పదు.

బొగ్గు కోసం వచ్చిన రైలు

మొదట అక్కడ ఐనూ అనే జాతి ప్రజలు ఉండేవారు. తర్వాత జపాను ప్రభుత్వం మిగతా దీవుల నుంచి జనాన్ని తెచ్చి అక్కడ స్థిరపరిచింది. 1880లో మొదటి రైలు నడిచింది. 1882 నాటికి ఆ పట్టాలు హొరొనై అనే బొగ్గు గని దాకా చేరాయి. బొగ్గును రేవుకు చేర్చాలి. అందుకే రైలు వేశారు.

గని ఉన్న చోటికి పట్టాలు వెళ్లాయి. పట్టాలు ఉన్న చోట ఊరు వెలిసింది. ఊరు పెరిగింది. బడి వచ్చింది, ఆసుపత్రి వచ్చింది, అంగడి వచ్చింది. ఇంతకీ మూలం బొగ్గు. మరి బొగ్గు పని ఆగిపోతే ఊరి గతి ఏమిటి? ఆ సంగతి ముందు ముందు చూద్దాం.

ఒక సంస్థ ఏడు ముక్కలైంది

చాలా కాలం జపానులో రైళ్లు ప్రభుత్వానివే. ఆ సంస్థకు అప్పులు బాగా పెరిగిపోయాయి. అందుకని 1987 ఏప్రిల్ 1న దాన్ని ఏడు కంపెనీలుగా విడగొట్టారు. ఆరు కంపెనీలు మనుషుల్ని తీసుకుపోయేవి. ఒకటి సరుకులు మోసేది. ఆరింటిలో ఒకటి హొక్కైడో కంపెనీ.

పంపకం జరిగితే ఏమవుతుంది? ఒకరికి నీటి వసతి ఉన్న పొలం వస్తుంది. ఇంకొకరికి రాళ్ల చెలక వస్తుంది. ఇక్కడా అంతే అయింది. టోక్యో వంటి మహానగరాలు ఉన్న కంపెనీలకు బండి నిండా జనం. హొక్కైడో కంపెనీకి పొడుగాటి పట్టాలు, తక్కువ జనం, ఎక్కువ మంచు. మొదటి రోజున దాని చేతికి వచ్చిన లైన్లు సుమారు 3,177 కిలోమీటర్లు.

వడ్డీ మీద బతుకు

ఈ కంపెనీకి నష్టం వస్తుందని ప్రభుత్వానికి ముందే తెలుసు. అందుకని ఒక ఏర్పాటు చేసింది. 68,220 కోట్ల యెన్ల నిధి ఇచ్చింది. యెన్ అంటే జపాను డబ్బు. అసలు ముట్టుకోకూడదు. దాని మీద వచ్చే వడ్డీతో నష్టం పూడ్చుకోవాలి. మన పొదుపు సంఘం డబ్బు బ్యాంకులో వేసి, వడ్డీతో ఖర్చులు గడుపుకున్నట్టే.

అప్పట్లో నూటికి ఏడాదికి 7.3 చొప్పున వడ్డీ లెక్క కట్టారు. అంటే ఏడాదికి సుమారు 4,980 కోట్ల యెన్లు. బండి నడుస్తుందనుకున్నారు.

కానీ 1990 తర్వాత జపానులో వడ్డీ రేట్లు పడిపోయాయి. అసలు అలాగే ఉంది. వచ్చే వడ్డీ మాత్రం రానురాను సుమారు సగమైంది. ఖర్చు తగ్గలేదు. మంచు తగ్గలేదు. ఇక కంపెనీ ఏం చేయాలి?

జనం ఎటు పోయారు?

అదే సమయంలో జనం కూడా తగ్గారు. 1995లో హొక్కైడోలో సుమారు 57 లక్షల మంది ఉండేవారు. 25 ఏళ్లలో దాదాపు 5 లక్షలు తగ్గారు. పిల్లలు పుట్టడం తగ్గింది. చదువుకున్న యువకులు సప్పొరోకో టోక్యోకో పోయారు. మంచి రోడ్లు పడ్డాయి. ఇంటికో కారు వచ్చింది. కారు లేనివాళ్లే రైలెక్కేవారు. వాళ్లు ఎవరు? హైస్కూలు పిల్లలు, ముసలివాళ్లు.

డబ్బు చాలకపోతే మొదట దెబ్బ తగిలేది మరమ్మతులకే. 2011లో ఒక రైలు సొరంగంలో పట్టాలు తప్పి కాలిపోయింది. ప్రయాణికులు చీకట్లో నడిచి బయటపడ్డారు. అదృష్టం కొద్దీ ఎవరూ చనిపోలేదు. 2013లో ఒక గూడ్సు బండి పట్టాలు తప్పింది. పట్టాల కొలతలను రికార్డుల్లో తప్పుగా రాశారని అప్పుడు బయటపడింది. ప్రభుత్వం గట్టిగా మందలించింది. పద్ధతి మార్చుకోమని ఆదేశించింది.

మనుషుల లెక్క ఎలా వేస్తారు?

ఏ లైను ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది ఎలా తేల్చారు? దానికి ఒక లెక్క ఉంది. లైనులో ప్రతి కిలోమీటరు మీదుగా రోజుకు సగటున ఎంతమంది పోతున్నారో చూస్తారు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక లైను పొడుగు 20 కిలోమీటర్లు. 50 మంది చివరిదాకా పోతారు. 50ని 20తో హెచ్చిస్తే 1,000. ఇంకో 100 మంది 10 కిలోమీటర్లే పోతారు. 100ని 10తో హెచ్చిస్తే 1,000. రెండూ కలిపితే 2,000. దాన్ని 20తో భాగిస్తే 100. ఈ లైను లెక్క 100 అన్నమాట. ఎక్కినవాళ్లు 150 మంది, లెక్కలో వచ్చింది 100. తేడా ఎందుకొచ్చిందో గమనించండి.

2016 నవంబరులో కంపెనీ ఒక ప్రకటన చేసింది. 1,237 కిలోమీటర్ల లైన్లను మేం ఒంటరిగా నడపలేం అని చెప్పింది. అప్పటికి ఉన్నవాటిలో అది దాదాపు సగం. లెక్క 200 కన్నా తక్కువ వచ్చిన మూడు లైన్లను తీసేసి బస్సులు వేస్తామంది. మిగతా వాటికి ఊళ్లు, ప్రభుత్వం కూడా ఖర్చులో చేయి వేయాలంది.

మూడు ఊళ్ల కథ

యూబారి బొగ్గు ఊరు. 1960లో అక్కడ లక్షా పదహారు వేల మంది పైగా ఉండేవారు. గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. చివరిది 1990లో మూసేశారు. అప్పులు తీర్చలేక 2007లో ఆ పురపాలక సంఘం దివాలా తీసింది. 2020 నాటికి మిగిలింది 7,300 మంది. 2016లో ఆ ఊరి మేయరు సుజుకి నవొమిచి ఒక పని చేశాడు. కంపెనీ నోరు తెరవక ముందే తనే వెళ్లి, రైలు తీసేయండి, బదులుగా మాకేమిస్తారో చెప్పండి అన్నాడు. బేరం కుదిరింది. బస్సుల కోసం కంపెనీ 75 కోట్ల యెన్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. రైలు రోజుకు 5 సార్లు పోయి వచ్చేది. బస్సు 10 సార్లు పోయి వచ్చేలా ఏర్పాటు చేశారు. 2019 మార్చి 31న చివరి బండి నడిచింది. అదే ఏడాది ఆ మేయరు ఎన్నికల్లో గెలిచి హొక్కైడో గవర్నరు అయ్యాడు.

హిదకా సముద్రపు ఒడ్డు ప్రాంతం. గుర్రాల పెంపకానికి పేరు. 2015 జనవరిలో పెద్ద అలలు వచ్చి పట్టాల కింది కట్టను కోసేశాయి. బాగు చేసే ఖర్చు ఎవరు పెట్టాలి? కంపెనీ మాకు చేతకాదంది. ఊళ్లు మేమెక్కడ తేగలం అన్నాయి. ఏళ్ల తరబడి సమావేశాలు జరిగాయి. బండి మాత్రం రాలేదు. చివరికి 2021 ఏప్రిల్ 1న 116 కిలోమీటర్ల లైను రద్దయింది.

షిన్ తొత్సుకవ చిన్న ఊరు. 2016 మార్చి నుంచి అక్కడికి రోజుకు ఒక్కటే బండి. పొద్దున వచ్చి పొద్దున్నే వెళ్లిపోతుంది. బజారుకు పోయి సాయంత్రం తిరిగి రావాలంటే కుదరదు. బండ్లు తగ్గితే జనం తగ్గుతారు. జనం తగ్గారని బండ్లు మళ్లీ తగ్గిస్తారు. ఇదొక విష వలయం. 2020లో కరోనా వచ్చింది. చివరి బండి చూడటానికి జనం గుమిగూడతారని భయపడి, అనుకున్న రోజు కన్నా ముందే ఏప్రిల్ 17న ఆపేశారు. ఊరివాళ్లకు సరిగా సాగనంపే వీలు కూడా దక్కలేదు.

2024 ఏప్రిల్ 1న ఫురానో, షింతొకు మధ్య 81.7 కిలోమీటర్ల లైను కూడా పోయింది. 2016లో తుఫాను వచ్చి ఆ లైనులో కొంత భాగం పాడైంది. మళ్లీ బాగు చేయలేదు. దీనితో కంపెనీ లైన్లు సుమారు 2,255 కిలోమీటర్లకు తగ్గాయి.

ఖాళీ బండి ఎందుకు నడపాలి?

కొందరు ఇలా అడుగుతారు: "పది మంది కోసం బండి నడపడం దండగ కదా? బస్సు వేస్తే పోలా?"

ఈ మాటలో నిజం ఉంది. బస్సు ఆసుపత్రి గుమ్మం దాకా పోతుంది. పట్టాల ఖర్చు ఉండదు. కానీ మంచు తుఫానులో బస్సు ఆలస్యమవుతుంది. ఇప్పుడు హొక్కైడోలో బస్సు డ్రైవర్లు కూడా దొరకడం లేదు. రైలు పోయాక బస్సు కూడా తగ్గిపోతే ఇక ఏ దిక్కూ ఉండదు. ఇంకో సంగతి. అక్కడ పండే ఉల్లిగడ్డలు, బంగాళాదుంపలు గూడ్సు బండ్లలో కూడా దూర నగరాలకు పోతాయి. ముఖ్యమైన పట్టాలు పోతే రైతుకూ నష్టమే.

రోడ్డు వేస్తే లాభం వచ్చిందా అని ఎవరూ అడగరు. బడి పెడితే లాభం వచ్చిందా అని అడగరు. రైలును మాత్రం ఎందుకు అడుగుతున్నారు? అక్కడి ఊళ్లవాళ్ల ప్రశ్న ఇదే. కంపెనీ ప్రశ్న వేరే. డబ్బు ఎవరిస్తారు అని. రెండూ సరైన ప్రశ్నలే. జవాబు చెప్పాల్సింది కంపెనీ ఒక్కటే కాదు. ప్రభుత్వం, ఊళ్లు కూడా చెప్పాలి.

యూబారి ముందే లెక్క చూసుకుంది. కనీసం బస్సులైనా సంపాదించుకుంది. లెక్క తెలిసినవాళ్లకే బేరంలో బలం ఉంటుంది. చదువు అందుకు కూడా కావాలి.

కొత్త మాటలు

నిధి: ఒక పని కోసం వేరుగా పెట్టిన డబ్బు.
దివాలా: అప్పు తీర్చలేని స్థితి.
సగటు: మొత్తాన్ని సమానంగా పంచితే వచ్చేది.

లెక్క చేయండి

1. మొదట 3,177 కిలోమీటర్లు. 2024లో 2,255 కిలోమీటర్లు. ఎంత తగ్గింది?
2. ఒక లైను పొడుగు 30 కిలోమీటర్లు. 60 మంది చివరిదాకా పోతారు. 90 మంది 10 కిలోమీటర్లు పోతారు. ఆ లైను లెక్క ఎంత?

మాట్లాడుకోండి

1. మీ ఊరికి బస్సు గాని రైలు గాని ఆగిపోతే ముందుగా ఎవరికి ఇబ్బంది?
2. హిదకా, యూబారి ఊళ్లలో మీరుంటే ఏం చేసేవారు?